ట్రెజోర్

ట్రెజోర్ అనేది క్రిప్టోకరెన్సీ యజమానులు తమ రహస్య కీలను ఇంటర్నెట్టుకు అందకుండా భద్రపరచుకొనుటకు వాడే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. ఇటువంటి పరికరాలను హార్డ్‌వేర్ వాలెట్లు అంటారు. దీనిని చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ నగరంలో గల సతోషీ ల్యాబ్స్ అనే సంస్థ రూపొందించింది. మొదటి నమూనా 2014 జూలైలో కొనుగోలుదారులకు చేరింది. ప్రజలకు అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి హార్డ్‌వేర్ వాలెట్‌గా దీనినే పేర్కొంటారు. పరికరంలో నడిచే సాఫ్టువేరు మూలం ఎవరైనా చదువుకొనుటకు వీలుగా ప్రకటింపబడి ఉండుట దీని ముఖ్య లక్షణం. ఈ బహిరంగత వలన కలిగిన మేలు, దాని వలన ఎదురైన చిక్కులు రెండూ ట్రెజోర్ చరిత్రలో కనిపిస్తాయి.

పేరు, అర్థం

చెక్ భాషలో ట్రెజోర్ అంటే ఇనప్పెట్టె. పేరును బట్టి నాణేలు ఈ పెట్టెలో ఉంటాయనుకోవడం సహజమే గాని, అది నిజం కాదు. బిట్‌కాయిన్ వంటివి ఏ పరికరంలోనూ ఉండవు. ఎవరి నుండి ఎవరికి ఎంత చేరిందన్న పద్దులన్నీ బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాలో ఉంటాయి. ఆ చిట్టా ప్రతులు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో కలవు. ఒక చిరునామాలోని సొమ్మును మరొక చిరునామాకు పంపాలంటే, మొదటి చిరునామాకు చెందిన రహస్య కీతో డిజిటల్ సంతకం చేయాలి. ఆ కీ ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారి చేతిలో ఉన్నట్లే.

కనుక ట్రెజోరును ఇనప్పెట్టెతో కంటే, పూర్వం దస్తావేజులపై వేసే ముద్రికతో పోల్చడం సబబు. ముద్రిక పోయినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు. కాని దొంగ ఆ ముద్రిక వేసి పొలాన్ని తన పేర రాయించుకోగలడు. పోలిక ఇంతవరకే చెల్లుతుంది. పొలం విషయంలో కోర్టుకు వెళ్ళి దొంగ దస్తావేజును రద్దు చేయించవచ్చు. బ్లాక్‌చెయిన్‌లో నమోదై స్థిరపడిన బదిలీని వెనక్కి తిప్పే అధికారి ఎవరూ లేరు.

రహస్య కీ అనేది 256 బిట్ల పెద్ద సంఖ్య మాత్రమే. దానిని మామూలు కంప్యూటరులో గాని ఫోనులో గాని ఉంచితే, అందులోకి చొరబడిన వైరస్ ఆ సంఖ్యను నకలు తీసుకొనగలదు. వస్తువు పోతే పోయినట్లు కనిపిస్తుంది, సంఖ్య నకలైతే యజమానికి తెలియనైనా తెలియదు. ఎక్స్ఛేంజి అనబడే వ్యాపార సంస్థల వద్ద నాణేలను ఉంచినపుడు కీలు ఆ సంస్థ వద్దే ఉంటాయి, ఖాతాదారునికి ఉండేది ఆ సంస్థ నుండి రావలసిన బాకీ మాత్రమే. ఈ రెండు ప్రమాదాలనూ తప్పించుటకే హార్డ్‌వేర్ వాలెట్లు పుట్టాయి.

చరిత్ర

సతోషీ ల్యాబ్స్ సంస్థను 2013లో మారెక్ పలాటినస్, పావోల్ రుస్నాక్, అలేనా వ్రానోవా స్థాపించారు. పలాటినస్ అప్పటికే బిట్‌కాయిన్ వర్గాలలో స్లష్ అనే మారుపేరుతో ప్రసిద్ధుడు. బిట్‌కాయిన్ మైనింగును పలువురు కలిసి చేసి ఫలితాన్ని పంచుకొనే మొట్టమొదటి పూల్‌ను ఆయన 2010 చివరలో ప్రారంభించాడు. 2012 మార్చిలో లినోడ్ అనే హోస్టింగు సంస్థ సర్వర్లలోకి దొంగలు చొరబడినపుడు ఆయన పూల్‌కు చెందిన 3 వేలకు పైగా బిట్‌కాయిన్లు పోయాయి. ఇంటర్నెట్టుకు కలిపి ఉన్న యంత్రంలో కీలు ఉంచితే ఏమవుతుందో స్వయంగా చవిచూసినవాడు ఈ పరికరాన్ని తయారుచేశాడన్నది గుర్తించదగిన విషయం.

తయారీకి పెట్టుబడిని 2013లో ముందస్తు అమ్మకాల ద్వారా సమకూర్చుకున్నారు. ప్లాస్టిక్ పరికరం ధర 1 బిట్‌కాయిన్, లోహపు పరికరం ధర 3 బిట్‌కాయిన్లు. నేటి ధరలతో లెక్కిస్తే అవి లోకంలోని అత్యంత ఖరీదైన ప్లాస్టిక్ డబ్బీలలో చేరతాయి. 2014 ఫిబ్రవరిలో జపానులోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజి సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు కనబడటం లేదని ప్రకటించి దివాలా తీసింది. వాటిలో 2,00,000 తరువాత ఒక పాత వాలెట్‌లో దొరికాయి. ఆ సంఘటన జరిగిన ఐదు నెలలకు ట్రెజోర్ పరికరాలు కొనుగోలుదారులకు చేరుట మొదలయినది.

ఈ సంస్థవారు పరికరంతో పాటు కొన్ని ప్రమాణాలను కూడా రచించారు. రికవరీ పదాలను నిర్వచించే బిప్-39 ను 2013లో పలాటినస్, రుస్నాక్ మరి ఇద్దరితో కలిసి ప్రతిపాదించారు. ఒకే మూలం నుండి వివిధ నాణేలకు ఖాతాలను ఏర్పరచే బిప్-44 ను 2014లో వీరిద్దరే ప్రతిపాదించారు. ఈ రెండూ ట్రెజోరుతో పోటీపడే పరికరాలలో కూడా వాడబడుతున్నాయి. అందువలన ట్రెజోర్ పాడైతే అవే పదాలతో వేరొక కంపెనీ వాలెట్‌లో సొమ్మును తిరిగి పొందుట సాధ్యం.

పనిచేయు విధానం

ట్రెజోర్ మోడల్ వన్ అరచేతిలో ఇమిడే పరికరం. ఇందులో 128 x 64 చుక్కల చిన్న తెర, రెండు బొత్తాలు, ఎస్‌టీఎం32 జాతికి చెందిన ఒక మైక్రోకంట్రోలర్ కలవు. బ్యాటరీ లేదు. యూఎస్‌బీ తీగ ద్వారా కంప్యూటరుకు కలిపినపుడే పనిచేస్తుంది.

మొదటిసారి వాడునపుడు పరికరం ఒక యాదృచ్ఛిక సంఖ్యను పుట్టిస్తుంది. ఇందుకు పరికరంలోని యాదృచ్ఛిక సంఖ్యా జనకాన్ని మాత్రమే నమ్మకుండా, కంప్యూటరు పంపిన మరొక యాదృచ్ఛిక సంఖ్యను కూడా దానితో కలుపుతుంది. రెండింటిలో ఏ ఒక్కటి సక్రమంగా ఉన్నా ఫలితాన్ని ఊహించుట సాధ్యం కాదు. ఈ సంఖ్య నుండే యజమాని కీలన్నీ, ఎన్ని వేల చిరునామాలైనా సరే, ఒక నిర్ణీత గణితక్రమంలో పుడతాయి. ఈ క్రమాన్ని బిప్-32 అనే ప్రమాణం వివరిస్తుంది.

సొమ్ము పంపునపుడు జరిగే పని ఇలా ఉంటుంది. కంప్యూటరులోని ప్రోగ్రాము ఎవరికి, ఎంత, ఎంత రుసుముతో అనే వివరాలతో ఒక లావాదేవీ ముసాయిదాను తయారుచేసి పరికరానికి పంపుతుంది. పరికరం ఆ ముసాయిదాను చదివి గ్రహీత చిరునామాను, మొత్తాన్ని తన సొంత తెరపై చూపుతుంది. యజమాని దానిని చదివి బొత్తాం నొక్కితే, పరికరం లోపలే సంతకం చేసి ఆ సంతకాన్ని మాత్రమే కంప్యూటరుకు తిరిగి ఇస్తుంది. రహస్య కీ పరికరం దాటి బయటకు రాదు. సంతకాన్ని బట్టి కీని వెనక్కి లెక్కగట్టుటకు ఆచరణసాధ్యమైన పద్ధతి ఏదీ తెలియదు.

ఈ ఏర్పాటులో కంప్యూటరును నమ్మవలసిన పని లేదు. అందులో వైరస్ ఉన్నదనే భావించి పరికరాన్ని రూపొందించారు. ఉదాహరణకు, వాడుకరి ఒక చిరునామాను కాపీ చేసి అతికించునపుడు దాని స్థానంలో దొంగ చిరునామాను పెట్టే వైరస్‌లు చాలా ఉన్నాయి. కంప్యూటరు తెరపై అంతా సవ్యంగానే కనిపించవచ్చు. కాని పరికరపు తెరపై దొంగ చిరునామా కనిపిస్తుంది. దానిని అసలు చిరునామాతో పోల్చి చూసిన వాడుకరి తప్పించుకుంటాడు, చూడకుండా బొత్తాం నొక్కినవాని సొమ్ము పోతుంది. చిన్న తెర అలంకారం కాదు, భద్రత అంతా దానిపైనే ఆధారపడి ఉన్నది. సొమ్మును స్వీకరించునపుడు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. తన చిరునామాను ఇతరులకు ఇచ్చేముందు దానిని పరికరపు తెరపై సరిచూసుకోవాలి.

పరికరం పరుల చేతిలో పడితే రక్షణగా పిన్ ఉన్నది. మోడల్ వన్‌లో 1 నుండి 9 వరకు అంకెల స్థానాలను ప్రతిసారీ తారుమారు చేసి పరికరపు తెరపై చూపుతారు. వాడుకరి ఆ స్థానాలను బట్టి కంప్యూటరు తెరపై అంకెలు లేని గళ్ళలో నొక్కుతాడు. ఎక్కడ నొక్కినదీ వైరస్‌కు తెలిసినా ఏ అంకె నొక్కినదీ తెలియదు. పిన్ తప్పిన ప్రతిసారీ వేచి ఉండవలసిన సమయం రెట్టింపవుతుంది. 16 సార్లు తప్పితే పరికరం తనలోని సమాచారాన్ని చెరిపివేస్తుంది.

రికవరీ పదాలు

పరికరం పోయినా, పగిలినా సొమ్ము పోకుండుటకు రికవరీ పదాలు ఉన్నాయి. పరికరంలోని మూల సంఖ్యనే 12 లేదా 24 ఆంగ్ల పదాలుగా మార్చి తెరపై చూపుతారు. యజమాని వాటిని వరుస తప్పకుండా కాగితంపై రాసుకోవాలి. పదాలను 2048 పదాల స్థిరమైన జాబితా నుండి తీసుకుంటారు. 2048 అనగా 2 యొక్క 11వ ఘాతం కనుక ఒక్కొక్క పదం 11 బిట్లను తెలుపుతుంది. 12 పదాలకు 132 బిట్లు వస్తాయి. వీటిలో 128 బిట్లు అసలు సంఖ్య, మిగిలిన 4 బిట్లు తప్పులు పట్టుటకు ఉద్దేశించిన తనిఖీ బిట్లు. 128 బిట్లతో సాధ్యమయ్యే సంఖ్యలను లెక్కిస్తే ఆ మొత్తం 39 అంకెల సంఖ్య అవుతుంది. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసినా వాటిని ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూడలేవు.

జాబితాలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటిగా ఉండవు. చేతిరాత సరిగా లేకున్నా పదాన్ని గుర్తించుటకు ఇది తోడ్పడుతుంది. ఆంగ్లం కాక జపనీస్, కొరియన్, చైనీస్, స్పానిష్, ఫ్రెంచి, ఇటాలియన్, చెక్, పోర్చుగీసు భాషలలో కూడా ఈ ప్రమాణానికి జాబితాలు కలవు. తెలుగు సహా ఏ భారతీయ భాషలోనూ లేదు. ట్రెజోర్ పరికరం ఆంగ్ల జాబితానే వాడుతుంది. ఈ పదాలను తెలుగు లిపిలో రాసిపెట్టుకొనుట మంచి పద్ధతి కాదు. 'కుడి' అని అర్థమిచ్చే రైట్, 'రాయు' అని అర్థమిచ్చే రైట్ రెండూ ఈ జాబితాలో ఉన్నాయి. తెలుగులో రాస్తే రెండింటికీ తేడా మిగలదు. ఆంగ్ల అక్షరక్రమంతోనే, వరుస సంఖ్య వేసి రాసుకోవాలి. తనిఖీ బిట్లు ఉన్నప్పటికీ 12 పదాల వరుసలో జరిగిన తప్పు సగటున 16 సార్లకు ఒకసారి పట్టుబడకుండా పోవచ్చు.

ఈ పదాలను ఫోటో తీయుట, ఈమెయిలులో దాచుట, కంప్యూటరులో టైపు చేసి ఉంచుట వలన పరికరం కొన్న ప్రయోజనమే ఉండదు. పదాలు తెలిసినవానికి పరికరం అవసరం లేదు, పిన్ కూడా అవసరం లేదు. కాగితం తడిసిపోతుందని, చెదలు పడుతుందని, కాలిపోతుందని భయపడేవారు ఉక్కు రేకులపై అక్షరాలను చెక్కించుకుంటారు.

కాగితం ఒక్కటే కావడం కూడా ప్రమాదమే. అది దొరికిన దొంగకు అంతా దొరుకుతుంది, పోగొట్టుకొన్న యజమానికి ఏమీ మిగలదు. దీనికి పరిష్కారంగా 2019లో మోడల్ టీ పరికరంలో షమీర్ బ్యాకప్ అనే విధానం ప్రవేశపెట్టారు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఆది షమీర్ 1979లో ప్రచురించిన రహస్య విభజన పద్ధతి దీనికి ఆధారం. ఉదాహరణకు రహస్యాన్ని ఐదు భాగాలుగా చేసి, ఏ మూడు భాగాలు కలిపినా తిరిగి వచ్చేలా అమర్చవచ్చు. రెండు భాగాలు దొంగ చేతికి చిక్కినా వాటి వలన అతనికి ఏమీ తెలియదు. రెండు భాగాలు పోయినా యజమానికి నష్టం లేదు. గణితశాస్త్రంలోని ఒక చక్కని ఫలితం సామాన్యుల ఇళ్ళలోకి వచ్చిన సందర్భాలలో ఇది ఒకటి.

వారసత్వం గురించి ఈ పద్ధతులలో ఏ ఏర్పాటూ లేదు. బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నట్లు రికవరీ పదాలకు నామినీ ఉండడు. యజమాని ఎవరికీ చెప్పకుండా మరణిస్తే ఆ సొమ్ము చిట్టాలో అందరికీ కనబడుతూనే ఉంటుంది, ఎవరికీ అందదు.

ఓపెన్ సోర్స్ విధానం

ట్రెజోర్ పరికరంలోని సాఫ్టువేరు మూలం గ్నూ లైసెన్సుల కింద ప్రకటింపబడినది. మోడల్ వన్ యొక్క సర్క్యూట్ పటాలు కూడా బహిరంగమే. వీటిని ఆధారంగా చేసుకొని ఇతరులు పరికరాలు తయారుచేశారు. 2015లో వచ్చిన కీప్‌కీ అనే వాలెట్ ట్రెజోర్ మూలం నుండి పుట్టినదే.

మూలాన్ని ప్రకటించుట ఒక్కటే చాలదు. ప్రకటించిన మూలము, పరికరంలో నడిచే ప్రోగ్రాము ఒకటేనని నిరూపించగలగాలి. ఇందుకోసం ఎవరైనా అదే మూలాన్ని తమ కంప్యూటరులో కంపైలు చేసి, వచ్చిన ఫైలును సంస్థ విడుదల చేసిన ఫైలుతో పోల్చి చూసుకొనే వీలు కల్పించారు. సంస్థ సంతకం లేని సాఫ్టువేరును పరికరంలోకి ఎక్కిస్తే అది ప్రారంభమయ్యేటపుడు తెరపై హెచ్చరిక చూపుతుంది. ఈ తనిఖీలను నిజంగా చేసే వాడుకరులు కొద్దిమందే. అయినా ఆ కొద్దిమంది చూస్తున్నారన్న సంగతి తక్కినవారికి కూడా రక్షణగా ఉపయోగపడుతుంది.

పోటీ సంస్థయైన ఫ్రాన్సు దేశపు లెడ్జర్ దీనికి భిన్నమైన మార్గాన్ని ఎంచుకున్నది. బ్యాంకు కార్డులలో, పాస్‌పోర్టులలో వాడే సెక్యూర్ ఎలిమెంట్ అనే భద్రతా చిప్‌లో కీలను ఉంచుతుంది. భౌతికమైన దాడులను తట్టుకొనుటకు ఈ చిప్‌లు ప్రత్యేకంగా నిర్మింపబడతాయి. అయితే వాటి తయారీదారులు లోపలి వివరాలను రహస్యంగా ఉంచుతారు, చిప్‌ను వాడే సంస్థలతో కూడా రహస్య ఒప్పందాలు చేసుకుంటారు. చూడలేని దానిని నమ్మలేమన్న వాదనతో ట్రెజోర్ చాలా ఏళ్ళు ఆ చిప్‌లను దూరంగా ఉంచి, మామూలు మైక్రోకంట్రోలరుతోనే నడిపింది. ఈ నిర్ణయానికి చెల్లించవలసి వచ్చిన మూల్యం తరువాతి భాగంలో తెలుస్తుంది.

భౌతిక దాడులు

2015లో యోఖెన్ హోనికె అనే పరిశోధకుడు పరికరం వాడే విద్యుత్తులోని హెచ్చుతగ్గులను ఆసిలోస్కోపుతో కొలిచి, వాటి నుండి రహస్య కీని రాబట్టవచ్చునని చూపాడు. కీలోని అంకెలను బట్టి లెక్కకు పట్టే పని మారుట, దానిని బట్టి విద్యుత్తు వాడకం మారుట దీనికి కారణం. కీ ఏదైనా ఒకే విధంగా పని జరిగేటట్లు సాఫ్టువేరును సవరించి ఈ లోపాన్ని సరిచేశారు. మూలం బహిరంగంగా ఉండుట వలన లోపాన్ని బయటివారు కనుగొనుట, దిద్దుబాటు సరిగా జరిగిందో లేదో వారే చూచుట రెండూ సాధ్యమయ్యాయి.

సాఫ్టువేరుతో దిద్దలేని లోపం తరువాత బయటపడింది. 2018 డిసెంబరులో జర్మనీలోని లైప్‌జిగ్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ సభలో ముగ్గురు పరిశోధకులు మోడల్ వన్ నుండి రికవరీ పదాలను బయటకు తీసి చూపారు. 2020 జనవరిలో క్రాకెన్ ఎక్స్ఛేంజికి చెందిన భద్రతా విభాగం, పరికరం 15 నిమిషాలు చేతిలో ఉంటే మోడల్ వన్, మోడల్ టీ రెండింటి నుండి మూల సంఖ్యను తీయవచ్చునని ప్రకటించింది. మైక్రోకంట్రోలరుకు అందే విద్యుత్తును సరైన క్షణంలో అతి స్వల్పకాలం తగ్గిస్తే, అది తన లోపలి సమాచారాన్ని చదవనీయకుండా పెట్టుకొన్న అడ్డును దాటవేస్తుంది. లోపం చిప్‌లోనే ఉన్నందున అమ్ముడుపోయిన పరికరాలలో దానిని సరిచేయుట సాధ్యం కాదు.

సంస్థ సూచించిన రక్షణ పాస్‌ఫ్రేజ్. ఇది యజమాని తానే ఎంచుకొని రికవరీ పదాలకు అదనంగా చేర్చే మాట లేదా వాక్యం. పరికరంలో ఇది నిల్వ ఉండదు కనుక చిప్‌ను ఛేదించినా దొరకదు. ఒక్కొక్క పాస్‌ఫ్రేజ్‌కు ఒక్కొక్క వేరు వాలెట్ తెరుచుకుంటుంది, 'తప్పు పాస్‌ఫ్రేజ్' అనేదే లేదు. అందువలన కొందరు మామూలు వాలెట్‌లో కొద్ది మొత్తం ఉంచి, అసలు సొమ్మును పాస్‌ఫ్రేజ్ వెనుక ఉంచుతారు. బెదిరించి అడిగినవారికి మొదటిదే చూపవచ్చునన్నది ఆలోచన. ఒక అక్షరం మరచినా ఖాళీ వాలెట్ కనబడుటయే తప్ప హెచ్చరిక ఉండదు కనుక ఇది రెండువైపులా పదునైన కత్తి. మరచిపోయినవారికి సంస్థ కూడా సహాయం చేయలేదు.

ఇదే లోపం ఒక యజమానికి మేలు కూడా చేసింది. పిన్ మరచిపోయిన ఒక అమెరికను తన పరికరాన్ని హార్డ్‌వేర్ నిపుణుడు జో గ్రాండ్‌కు అప్పగించగా, ఆయన ఈ కోవకు చెందిన దాడితోనే పిన్‌ను, పదాలను రాబట్టి సుమారు 20 లక్షల డాలర్ల విలువైన సొమ్మును తిరిగి అందించాడు. ఈ ఉదంతం 2022 జనవరిలో వెలుగులోకి వచ్చింది.

తరువాతి నమూనాలు

రంగుల స్పర్శ తెర గల మోడల్ టీ 2018లో వచ్చింది. దాని సాఫ్టువేరును ప్రధానంగా మైక్రోపైథాన్ భాషలో రాశారు. 2023 అక్టోబరులో వచ్చిన సేఫ్ 3 లో సంస్థ మొదటిసారిగా భద్రతా చిప్‌ను చేర్చింది. ఇన్ఫినియన్ సంస్థకు చెందిన ఈ చిప్‌ను రహస్య ఒప్పందపు ఆంక్షలు లేకుండా వాడుకొనే వీలున్నందునే ఎంచుకున్నట్లు తెలిపింది. ఇందులో రికవరీ పదాలను భద్రతా చిప్‌లో ఉంచరు. పిన్ సరిపోయినపుడు ఆ చిప్ ఒక రహస్యాన్ని విడుదల చేస్తుంది, ప్రధాన చిప్‌లో గుప్తలిపిలో ఉన్న సమాచారం దానితో తెరుచుకుంటుంది. 2024 జూన్‌లో సేఫ్ 5 వచ్చింది. 2025 అక్టోబరులో ప్రకటించిన సేఫ్ 7 లో ట్రాపిక్ స్క్వేర్ అనే సోదర సంస్థ తయారుచేసిన ట్రాపిక్01 అనే చిప్ ఉన్నది. భద్రతా చిప్ అయినా లోపలి నిర్మాణాన్ని బయటివారు పరిశీలించుటకు వీలైనది కావడం దీని ప్రత్యేకత.

నకిలీ పరికరాలు, మోసాలు

2023 మేలో క్యాస్పర్‌స్కీ సంస్థ ఒక నకిలీ మోడల్ టీ గురించి వివరించింది. పెట్టె, సీలు, తెర అన్నీ అసలు దానివలెనే ఉన్నాయి. లోపలి మైక్రోకంట్రోలరును మార్చి అందులో సవరించిన సాఫ్టువేరు పెట్టారు. కొత్త వాలెట్ ఏర్పరచునపుడు పరికరం యాదృచ్ఛిక పదాలకు బదులు, ముందే సిద్ధం చేసిన 20 వరుసలలో ఒక దానిని ఇచ్చేది. పాస్‌ఫ్రేజ్ పెట్టుకున్నా అందులో మొదటి అక్షరాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకొనేది. ఆ విధంగా 39 అంకెల సంఖ్యకు బదులు దొంగ ప్రయత్నించవలసినవి 1,280 మాత్రమే. బాధితుడు పరికరాన్ని కంప్యూటరుకు కలపని రోజున 1.33 బిట్‌కాయిన్లు వెళ్ళిపోయాయి. తయారీదారు నుండి గాని, వారు గుర్తించిన అమ్మకందారుల నుండి గాని కాక ఇతరచోట్ల చవకగా కొనుటలో ఉన్న అపాయం ఇదే. వాడిన పరికరాన్ని కొనడం, ముందే పదాలు ముద్రించి ఉన్న కాగితంతో వచ్చిన పరికరాన్ని వాడడం అసలే కూడదు.

పరికరాన్ని ముట్టుకోకుండానే జరిగే మోసాలు ఇంకా ఎక్కువ. 2022లో మెయిల్‌చింప్ అనే ఉత్తరాల పంపిణీ సంస్థలోకి చొరబడినవారు ట్రెజోర్ వాడుకరుల ఈమెయిలు చిరునామాలను దొంగిలించి, సంస్థలో భద్రతా లోపం జరిగిందని, వెంటనే కొత్త ప్రోగ్రాము దించుకోవాలని ఉత్తరాలు పంపారు. ఆ నకిలీ ప్రోగ్రాము రికవరీ పదాలు అడిగేది. 2024 జనవరిలో వాడుకరుల సహాయ విభాగపు పోర్టల్ నుండి సుమారు 66,000 మంది వివరాలు బయటికి పొక్కినట్లు సంస్థ ప్రకటించింది. లెడ్జర్ సంస్థ నుండి 2020లో పొక్కిన వివరాలలో సుమారు 2,72,000 మంది ఇంటి చిరునామాలు కూడా ఉన్నాయి. రికవరీ పదాలను కంపెనీ ఎన్నడూ అడగదు. అడిగినవారు ఏ పేరు చెప్పుకున్నా మోసగాళ్ళే.

చూడకుండా చేసే సంతకాలు

బిట్‌కాయిన్ లావాదేవీలో ఎవరికి ఎంత అన్నది సూటిగా ఉంటుంది కనుక చిన్న తెరపై చూపుట తేలిక. ఎథీరియం వంటి వాటిలో లావాదేవీ అనేది స్మార్ట్ కాంట్రాక్టు అనే ప్రోగ్రాముకు ఇచ్చే ఆదేశం కావచ్చు. ఆ ఆదేశాన్ని పరికరం అర్థం చేసుకోలేనపుడు తెరపై అర్థంకాని అంకెలు, అక్షరాల వరుస మాత్రమే కనిపిస్తుంది. వాడుకరి కంప్యూటరు తెరపై చూపినదే నిజమని నమ్మి బొత్తాం నొక్కుతాడు. దీనిని బ్లైండ్ సైనింగ్ అంటారు. కంప్యూటరును నమ్మకూడదన్న మూలసూత్రమే ఇక్కడ తప్పిపోతున్నది.

2024 జూలై 18న భారతీయ ఎక్స్ఛేంజి వజీరెక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగిలింపబడ్డాయి. ఆ వాలెట్ నుండి సొమ్ము కదలాలంటే పలువురి సంతకాలు కావాలి, సంతకందారులు హార్డ్‌వేర్ వాలెట్లు వాడారు. తెరపై కనిపించిన లావాదేవీ వేరు, వాస్తవంగా సంతకమైనది వేరు అని సంస్థ తన ప్రకటనలో తెలిపింది. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్‌ను ఇదే తీరున పోగొట్టుకున్నది. అక్కడ కూడా సంతకాలు హార్డ్‌వేర్ వాలెట్లతోనే జరిగాయి. ఈ దొంగతనం ఉత్తర కొరియా పని అని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రకటించింది. రెండు సందర్భాలలోనూ రహస్య కీలు పరికరాలను దాటి బయటకు రాలేదు. ఇది ఏ ఒక్క కంపెనీ పరికరానికో పరిమితమైన లోపం కాదు, ట్రెజోర్ సహా హార్డ్‌వేర్ వాలెట్లన్నిటికీ వర్తిస్తుంది.

భారతదేశంలో

భారతీయ రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో క్రిప్టోకరెన్సీ వ్యాపారాలకు బ్యాంకు సేవలు అందించరాదని ఉత్తర్వు ఇవ్వగా, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2022 ఆర్థిక చట్టం ద్వారా వీటిపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను విధించారు. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. ఈ నిబంధనలు ప్రధానంగా ఎక్స్ఛేంజీల చుట్టూ తిరుగుతాయి. దేశంలో తొలిసారి కొనేవారు నాణేలను అక్కడే వదిలివేయుట సాధారణం.

వజీరెక్స్ దొంగతనం తరువాత ఆ సంస్థ ఖాతాలను స్తంభింపజేసింది. సింగపూరు హైకోర్టు ఆమోదించిన పథకం ప్రకారం 2025 అక్టోబరులో గాని లావాదేవీలు తిరిగి మొదలుకాలేదు. అదే నెలలో, ఆ ఎక్స్ఛేంజిలో ఖాతా గల ఒక మహిళ వేసిన పిటిషనుపై మద్రాసు హైకోర్టు, క్రిప్టోకరెన్సీ చట్టం దృష్టిలో ఆస్తియేనని, దానిని ఒకరి కోసం మరొకరు ట్రస్టుగా ఉంచుకొనుటకు కూడా వీలున్నదని తీర్పు చెప్పింది. ఆమె ఖాతాలో ఉన్నవి ఎక్స్‌ఆర్‌పీ నాణేలు. దొంగలు ఎత్తుకుపోయినవి ఎథీరియం ఆధారిత టోకెన్లు. తన నాణేలకు దొంగతనంతో సంబంధం లేకపోయినా, కీలు తన వద్ద లేనందున వాటిని ముట్టుకొనుటకు ఆమె కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది.